ఎనిమిదో రొట్టె

"మళ్ళీ మొదలెట్టావా? కంపు గేటు దాకా వస్తోంది," అన్నాడు మా ఆయన, బూట్లయినా విప్పకుండా.

గురువారం మధ్యాహ్నం. బాణలిలో నూనె అప్పుడే కాగుతోంది. ఆ రోజు పొద్దున్నే ఆవు పాలు పితికాను, అత్తమ్మకు మందులిచ్చాను, ఆస్పత్రికి వెళ్ళి పద్నాలుగు మంది పసిపిల్లలకు టీకాలు వేశాను, వచ్చి ఆయన చొక్కాలు ఉతికి ఆరేశాను, పిండి కలిపాను. వీటిలో ఏ ఒక్కదాని వాసనా గేటు దాకా పోలేదు. ముప్ఫై రెండేళ్ళుగా ఈ ఇంట్లో నేను చేసే పనుల్లో బయటికి తెలిసేది ఇదొక్కటే. అందుకే ఇదొక్కటే ఆయన ముక్కుకి తగిలింది కాబోలు.

"అత్తమ్మ అడిగింది," అన్నాను. పచ్చి అబద్ధం.

"నేనెక్కడ అడిగానే?" అని లోపలి గదిలోంచి వెంటనే వినబడింది. మందులు వేసుకోమని ఎంత అరిచినా వినబడని చెవులు ఇలాంటప్పుడు మాత్రం చక్కగా పనిచేస్తాయి.

"చూడు సైరాగుల్, ఇది షిర్క్. దేవుడికి సాటిగా చచ్చినవాళ్ళని నిలబెట్టడం. ఈ ఇంట్లో కుదరదు," అని మెలిస్ స్టవ్ కట్టేశాడు. ముప్ఫై రెండేళ్ళలో ఆయన స్టవ్ దగ్గరికి రావడం అదే మొదటిసారి. ఏ మర తిప్పాలో తెలియక ముందు పక్కదాన్ని తిప్పాడు.

మా కొచ్కోర్ ఊళ్ళో గురువారం పూట నూనె కాచని ఇల్లు ఒకప్పుడు ఉండేది కాదు. చనిపోయినవాళ్ళు ఆ రోజు ఇళ్ళ చుట్టూ తిరుగుతారని, వేడి నూనె వాసనే వాళ్ళకు ముద్ద అని అంటారు. అరచెయ్యంత రొట్టెలు ఏడు వేయించి, చదవడం వచ్చినవాళ్ళు ఖురాన్‌లోంచి రెండు ముక్కలు చదివి, ఇరుగుపొరుగుకు పంచుతారు. నాకు నేర్పింది అత్తమ్మే. "పొయ్యి చల్లగా ఉంటే ఏడ్చుకుంటూ పోతారే పాపం," అని పెళ్ళయిన వారంలోనే చెప్పింది. మా మామగారు పార్టీ మనిషి, దేవుడు లేడని మీటింగుల్లో ఉపన్యాసాలు ఇచ్చేవాడు. ఆయన కూడా గురువారం వచ్చేసరికి, "కిటికీ తెరవండర్రా, వాసన బయటికి పోవద్దూ?" అనేవాడు. ఆ రోజుల్లో ఎవరికీ ఇందులో తిరకాసు కనబడలేదు.

నేను మాత్రం ఏడు కాదు, ఎనిమిది వేస్తాను.

ఎనిమిదోది మా పెద్దమ్మాయికి. పెళ్ళయిన మరుసటేడు ఫిబ్రవరిలో పుట్టింది. ఏడవలేదు. ఏడవని బిడ్డకు నమాజు లేదు, పేరూ అక్కర్లేదు అన్నారు పెద్దవాళ్ళు. నా నీలం గళ్ళ తువ్వాల్లోనే చుట్టి తీసుకుపోయారు. ఖననానికి మా వైపు ఆడవాళ్ళు వెళ్ళరు కాబట్టి ఎక్కడ పెట్టారో నేను చూడలేదు. తర్వాత మెలిస్‌ని అడిగితే, "గోడ వైపు అనుకుంటా, మంచులో ఏం తెలుస్తుంది?" అన్నాడు. ఆ తర్వాత పుట్టిన ఇద్దరమ్మాయిలూ ఎదిగి కాపురాలకు వెళ్ళారు. ఈమె మాత్రం పేరు లేకుండా, చోటు తెలియకుండా నా దగ్గరే ఉండిపోయింది. ఆ వారం నుంచీ ఒక రొట్టె ఎక్కువ వేస్తున్నాను. ఎవరూ లెక్కపెట్టలేదు, అత్తమ్మ తప్ప. ఆవిడ ఏమీ అనకుండా ప్రతిసారీ ఆ ఎనిమిదోది తీసుకుని తినేసేది. అది జాలో ఆకలో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఇంకో సంగతి ఉంది. దాన్ని ఎలా చెప్పాలో తెలియదు. రొట్టె నూనెలో పడి సుయ్యిమన్నాక, పొంగేలోపు, ఎవరో వింటున్నట్టు ఉంటుంది. నేనేమీ మాట్లాడను, అయినా వింటున్నట్టే ఉంటుంది. అది మా అమ్మాయా? అమ్మాయైతే చిన్నగా ఉండాలి కదా, ఇది చాలా పెద్దది. దేవుడా? అరబ్బీలో రెండు ముక్కలు సరిగ్గా పలకలేని నా దగ్గరికి, పిండి చేతుల దగ్గరికి, ఆయన ఎందుకు వస్తాడు? కొన్ని వారాలు ఏమీ ఉండదు, చెయ్యి కాలుతుంది, అంతే. ఎవరితోనైనా చెబుదామంటే నవ్వుతారని భయం. నవ్వకుండా నమ్మేస్తారేమోనని ఇంకా భయం.

మసీదు మీద నాకు కోపం లేదు. మూడేళ్ళ కిందటి వరకూ మెలిస్ లారీ తోలి వచ్చి, తాగి, అదే గేటు దగ్గర పడిపోయేవాడు. నేనూ అత్తమ్మా చెరో చెయ్యీ పట్టుకుని ఈడ్చుకొచ్చేవాళ్ళం. మత్తు దిగకముందు నోరు లేచేది, దిగుతున్నప్పుడు చెయ్యి లేచేది. మసీదువాళ్ళు నలభై రోజులు మతబోధకని ఊళ్ళ మీద తీసుకెళ్ళి, మనిషిని చేసి పంపించారు. మామగారు పార్టీ మోజులో మార్క్స్ మొదలుకుని నలుగురు పెద్దల పేర్ల మొదటి అక్షరాలు ఏరి కొడుక్కి మెలిస్ అని పెట్టుకుంటే, వాళ్ళు యూనుస్ అని మార్చారు. మార్చనీ. ఆ ఏడాది సంతోషంతో మసీదుకి గొర్రెను ఇచ్చినదాన్ని నేను. మొగుణ్ణి బాగుచేసి ఇచ్చినవాళ్ళకు మొగుడి మీద హక్కుంటుందని ఒప్పుకున్నాను. నా మీద కూడా ఉంటుందని అప్పుడు తోచలేదు.

ఆదివారం మసీదు ఆడవాళ్ళు నలుగురు వచ్చారు. ముందు కూర్చున్నది ఐషా. పదేళ్ళ కిందట ఆమె పేరు అనారా, అప్పుడు అడ్డం తిరిగిన కవలల్ని నా చేతుల మీద కన్నది. ఆ రోజు ఆమె నన్ను తిట్టిన తిట్లు గుర్తొచ్చి నవ్వు ఆపుకున్నాను.

"అక్కా, నీ మీద ప్రేమ కొద్దీ వచ్చాం," అంది. "చచ్చిపోయినవాళ్ళకు ముక్కులుంటాయా చెప్పు?"

"ఉండవనే అనుకుంటున్నా."

"మరెందుకు చేస్తున్నావు?"

"తెలీదు."

"తెలీకుండా చేస్తే పాపమే కదక్కా."

"తెలిసి చేస్తే ఇంకా పెద్ద పాపం," అంది పక్కావిడ. నాకు తప్పించుకునే దారి ఏ వైపు వదిలారో అర్థం కాలేదు.

ఐషా గొంతు తగ్గించి నా చెయ్యి పట్టుకుంది. "ఆ పాప సంగతి యూనుస్ అన్న చెప్పాడు. చిన్నప్పుడే పోయిన పిల్లలు స్వర్గం తలుపు దగ్గర నిలబడి తల్లి కోసం ఎదురుచూస్తారక్కా. నువ్విలాంటి పనులు చేస్తే ఆ తలుపు నీకు మూసేస్తారు. పాప ఒక్కతే అయిపోతుంది."

ముప్ఫై ఒక్కేళ్ళుగా నిలబడి ఉందా? ఆ కాళ్ళు ఎంత నొప్పి పుట్టాలి? తలుపు దగ్గర కుర్చీ కూడా వెయ్యని చోటు స్వర్గం ఎలా అవుతుంది? ఈ ప్రశ్నలు అడగలేదు. టీ పోశాను. వెళ్ళబోతూ ఇద్దరు చేతులు పైకి మడిచి, "ఎలాగూ వచ్చాంగా, బీపీ చూడక్కా," అన్నారు. చూశాను. నా తలుపు సంగతేమో గానీ ఐషాకి నూట యాభై ఉంది. ఉప్పు తగ్గించమన్నాను.

ఆ రాత్రంతా తలుపూ పిల్లా తప్ప ఇంకేమీ తలలో నిలవలేదు. మంగళవారం ఆస్పత్రి నుంచి అటే మజార్‌కి వెళ్ళాను. ఊరి బయట జనం మొక్కుకునే ఊట, దాని చుట్టూ గుడ్డపీలికలు కట్టిన పొదలు. అక్కడి కాపలా బత్మా అనే ముసలావిడది. రోగులొస్తే నీళ్ళు మంత్రించి ఇస్తుంది. మసీదు దారి పొసగకపోతే నాది ఈ దారేమో, కనీసం వీళ్ళయినా నన్ను ఎరుగుదురేమో అనుకున్నాను.

బత్మా నా నాడి పట్టుకుని కళ్ళు మూసుకుంది. నాడి పట్టుకునే పద్ధతి తప్పని తెలుస్తూనే ఉంది, ఊరుకున్నాను.

"నీకు ఆత్మల నుంచి పిలుపొచ్చి ఏళ్ళయింది తల్లీ. నువ్వే తప్పించుకు తిరుగుతున్నావు. అందుకే మోకాళ్ళు పట్టేస్తున్నాయి."

"యాభై రెండేళ్ళకు అందరికీ పట్టేస్తాయి పెద్దమ్మా."

"ఎదురు చెప్పకు. గురువారం ఎన్ని వేస్తావు?"

"ఎనిమిది."

"ఎనిమిదా!" ఆవిడ కళ్ళు తెరిచేసింది. "ఏడే వెయ్యాలి. తాతముత్తాతల నాటి లెక్క. ఎనిమిదోది దయ్యాలు తింటాయి."

"మా అత్తమ్మ తింటుంది," అన్నాను.

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. విషయమంతా రాబట్టి, తేల్చి చెప్పింది: "ఆ పిల్లే నీకు తోడుండే ఆత్మ. ఇక్కడ మాతో ఏడు రోజులు కూర్చో. రోగాల్ని తోలే కొరడా పట్టు, తెల్లబట్ట కట్టు. ఆ పిల్ల చేత పని చేయించుకోవడం నేర్పిస్తా. రోగాలు అదే చెబుతుంది, మందు అదే చెబుతుంది."

ఆ మాటకు నాకెందుకంత కోపం వచ్చిందో చెప్పలేను. మా అమ్మ పదకొండేళ్ళకే పొలాల్లో బీటుదుంపలు పీకింది. నా ఇద్దరు కూతుళ్ళూ అత్తారిళ్ళలో తెల్లవారకముందే లేచి టీ కాచే సమోవార్లు రాజేస్తున్నారు. మా వైపు ఆడపుట్టుకల్లో పని తగలకుండా ఉన్నది ఆ ఒక్కతే. దాన్ని కూడా లేపి పనిలో పెడతారా? "మా అమ్మాయి పని చెయ్యదు," అని లేచి వచ్చేశాను. వెనక నుంచి బత్మా, "పిలుపు కాదన్నవాళ్ళు బాగుపడిన దాఖలా లేదు," అని అరుస్తూనే ఉంది.

ఒకళ్ళు ఆమెను తలుపు దగ్గర నిలబెట్టారు, ఒకళ్ళు వైద్యశాలలో కూర్చోబెట్టారు. ఎవరూ నన్ను, "ఆ పొంగేలోపు నీకేమవుతుంది?" అని అడగలేదు. అడిగితే మాత్రం నా దగ్గరేముంది చెప్పడానికి?

నేను మజార్ మెట్లు దిగేలోపే కబురు మసీదు మెట్లెక్కింది. బుధవారం మెలిస్ ఇంటికి వచ్చి, నా వైపు చూడకుండా గోడకు చెప్పినట్టు చెప్పాడు. "మసీదు గురువు సతార్ మొల్డోని అడిగాను. తెలిసి తెలిసి షిర్క్ చేసినదానికి నిఖా తెగిపోతుందట. నువ్వు పశ్చాత్తాపం చెప్పుకుని, దేవుడొక్కడే అని కలిమా చదవాలి. ఇక మీదట చెయ్యనని మాటివ్వాలి. ఎల్లుండి కాదు, ఆ పై శుక్రవారం మళ్ళీ నిఖా చదివిస్తారు. అందాకా మనం పరాయివాళ్ళం."

"మాట ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోతే ఇక్కడ ఎలా ఉంటావు?" అన్నాడు. బెదిరింపుగా కాదు, నిజంగానే అర్థం కానట్టు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఈ ఇల్లు ఆయన తండ్రిది. ఈ వయసులో పెట్టె పట్టుకుని ఏ కూతురి గుమ్మం ఎక్కను?

ఆయన పరుపు అత్తమ్మ గదిలోకి మారింది. తొమ్మిది రోజులు పరాయివాళ్ళం. పరాయి మగాడికి పొద్దున్నే టీ పోశాను, పరాయి మగాడి మేజోళ్ళు ఉతికాను, పరాయి మగాడి తల్లికి కాళ్ళు ఒత్తాను. "కొంచెం ఉప్పు తక్కువైంది," అని పరాయి మగాడు తలుపు అవతల నుంచి కబురు పంపించాడు. నిఖాతో పాటు పని కూడా తెగుతుందని మొల్డో చెప్పలేదు కాబోలు. కానీ ఒక సంగతి దాచను. ఆ తొమ్మిది రోజులూ నా గదిలో నేను ఒక్కదాన్నే పడుకున్నాను. ఇంత హాయిగా నిద్రపోయి ఎన్నేళ్ళయింది! మూడో రోజు పొద్దున లేచి, గురకలేని ఆ గదిలో కూర్చుని, సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియక ఏడ్చాను.

పరాయివాళ్ళమైన మరునాటి గురువారం బాణలి జోలికే పోలేదు. ఇంకో గురువారం వచ్చింది. బాణలి తీశాను, నూనె పోశాను, స్టవ్ వెలిగించలేదు. దాని ముందు పీట వేసుకుని కూర్చున్నాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చల్లటి నూనె వైపు చూస్తూ ఉండగా ఎవరో వినడం మొదలుపెట్టారు. వాసన లేదు, రొట్టె లేదు, సుయ్యిమనడం లేదు. అయినా అంతే పెద్దగా, అంతే దగ్గరగా. నూనె లేకుండానే వస్తే ఇన్నాళ్ళూ నూనె ఎందుకు? పోనీ, మానేస్తానని చెప్పేస్తే పోలేదా? ఇల్లు నిలుస్తుంది, మొగుడు నిలుస్తాడు, పోయేది ఒక గరిటెడు నూనె. అలా అనుకున్న మరుక్షణమే, వాళ్ళు మానమన్నందుకు మానితే అది మానడమవుతుందా, అప్పగించడమవుతుందా అనిపించింది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. అత్తమ్మ తలుపు దగ్గరికి వచ్చి, ఖాళీ పళ్ళెం చూసి, "ఇవాళ కూడా లేవా?" అంది. ఆ గొంతులో వినబడింది దిగులే, నేను పొరబడలేదు.

శుక్రవారం నమాజు అయ్యాక వచ్చారు. పెద్దగదిలో తివాచీ మీద సతార్ మొల్డో, ఆయన పక్కన మెలిస్, సాక్షులుగా ఇద్దరు పొరుగువాళ్ళు. నాకు అండగా ఐషా. గోడకు ఆనుకుని అత్తమ్మ. మధ్యలో నిఖా అయ్యాక తాగే, పంచదార పలుకు వేసిన నీళ్ళ గిన్నె, పైన తెల్లగుడ్డ. మొల్డో చెడ్డవాడు కాదు. నిదానస్తుడు, ఆస్పత్రికి వస్తే వరసలో నిలబడతాడు.

కలిమా చదవమన్నాడు. చదివాను. దేవుడు ఒక్కడే అనడానికి నాకు ఎప్పుడూ ఇబ్బంది లేదు. ఆ ఒక్కడి తరఫున మాట్లాడేవాళ్ళు ఇంతమంది ఉండటమే ఇబ్బంది.

"ఇకమీదట చనిపోయినవాళ్ళ పేర నూనె కాచనని మాటివ్వమ్మా."

"ఇవ్వలేను మొల్డో గారూ. కాస్తానని కూడా అనడం లేదు. వచ్చే గురువారం నేనేం చేస్తానో నాకే తెలీదు."

"సైరాగుల్!" అన్నాడు మెలిస్. ఐషా నా మోకాలు నొక్కింది, సరిగ్గా నొప్పి ఉన్నచోటే.

"పోనీలే, అది నేను తర్వాత నచ్చజెబుతాను," అన్నాడు మొల్డో, వ్యవహారం చెడకుండా. "కలిమా అయింది కదా, నిఖా కానిద్దాం." మెలిస్‌ని అడిగాడు. ఒప్పుకున్నానన్నాడు. నా వైపు తిరిగి, "ఇతన్ని భర్తగా ఒప్పుకుంటున్నావా?" అన్నాడు.

నేను నోరు తెరవలేదు. తెరుద్దామనే అనుకున్నాను.

"ఒప్పుకుంది, ఒప్పుకుంది. సిగ్గుపడుతోంది, చదివెయ్యి నాయనా," అంది అత్తమ్మ.

ఇదే గది. ఇదే గొంతు. ఇవే మాటలు. ముప్ఫై రెండేళ్ళ కిందట నర్సింగ్ కాలేజీ హాస్టల్ ముందు నుంచి నన్ను ముగ్గురు మగవాళ్ళు కారులోకి లాగి, ఈ గది మూలన తెర వెనక్కి తోశారు. అంతకు ముందు మెలిస్‌ని నేను బస్టాండులో ఒక్కసారి చూశాను, అంతే. పెళ్ళికూతురి గుర్తుగా నా తల మీద తెల్లగుడ్డ కట్టిన చేతిని నేను కొరికాను, అది అత్తమ్మ చెయ్యి. తెర అవతల నుంచి ఒక ముసలాయన మూడుసార్లు అడిగాడు. ఏడుస్తూనే ఉన్నాను. మౌనం అర్ధాంగీకారం అంటారు. నాది మౌనం కూడా కాదు, అయినా సగం కింద రాసుకుని, మిగతా సగం అత్తమ్మ తన నోటితో పూర్తిచేసింది. "రాత్రి ఆ ఇంట్లో ఉన్న పిల్లని మళ్ళీ ఎవరు చేసుకుంటారు?" అని మా అమ్మ మరునాడు గుమ్మంలోనే నన్ను వదిలి వెళ్ళిపోయింది. దీన్ని నేను ఎప్పుడూ తవ్వుకోలేదు. ఈ వీధిలో సగం మంది ఆడవాళ్ళు అలా వచ్చినవాళ్ళే, ఎవరని తవ్వుతాం?

మొల్డో చెయ్యి ఎత్తి అత్తమ్మను ఆపాడు. "మీరు చెబితే చెల్లదు పెద్దమ్మా. ఆడమనిషి తనంతట తాను, ఎవరి బలవంతమూ లేకుండా ఒప్పుకోవాలి. లేకపోతే అది నిఖాయే కాదు." రోజూ చెప్పే నియమం కాబట్టి మామూలుగానే చెప్పాడు.

సాక్షుల్లో ఒకడు కుబాత్. ఆ రోజు కారు తోలినవాడు. తివాచీ మీద పువ్వులు లెక్కపెడుతున్నట్టు తల దించుకున్నాడు. మెలిస్ తెల్లబోయాడు.

"మొల్డో గారూ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఈ ఇంట్లో మొదటిసారి చదివినప్పుడు నేను ఒప్పుకోలేదు. ఇక్కడున్నవాళ్ళకు తెలుసు. మీరు చెప్పినట్టయితే తెగడానికి అసలు నిఖా ఎక్కడుంది? ఈ ముప్ఫై రెండేళ్ళూ నేను ఈయనకు ఏమవుతాను?"

నిలదీద్దామని అడగలేదు. నిజంగా తెలియకే అడిగాను. ఆయనకు చదువుంది, ఏదో ఒకటి చెబుతాడనుకున్నాను. ఆయన ఒళ్ళో ఉన్న పుస్తకంలోకి చూశాడు, మెలిస్ వైపు చూశాడు, పుస్తకం మూశాడు. అత్తమ్మ ముఖానికి తలగుడ్డ కొస అడ్డం పెట్టుకుంది. ఐషా నా మోకాలి మీద నుంచి చెయ్యి తీసేసి తన ఒళ్ళో పెట్టుకుంది. ఆమెను కూడా మా వీధికి కారులోనే తెచ్చారు.

మొల్డో మళ్ళీ నా వైపు తిరిగి, "జరిగిందేదో దేవుడికి తెలుసు. ఇప్పుడు అడుగుతున్నానమ్మా. ఒప్పుకుంటున్నావా?" అన్నాడు. ఈసారి నెమ్మదిగా, నా ముఖంలోకి చూసి, జవాబు ఏదైనా కావచ్చు అన్నట్టు అడిగాడు.

మెలిస్ వైపు చూశాను. తాగుడు మానిన ముఖం, నెరిసిన గడ్డం, భయపడుతున్న కళ్ళు. జాలేసింది. జాలి కాకుండా ఇంకేమైనా ఉందా అని వెతుక్కున్నాను. ఉందో లేదో తేలలేదు.

"నాకు తెలీదు," అన్నాను. "నన్ను అడగడం ఇదే మొదలు. ఆలోచించుకోవాలి."

"ఎన్నాళ్ళు?" అన్నాడు మెలిస్.

"అదీ తెలీదు. తెలిసిన రోజు నేనే చెబుతాను. అందాకా నన్నెవరూ ఎవరి భార్య అనీ అనకండి."